నాలుగో వైపు కుట్టని పాట

ఎర్ర చుక్క ఇంకా వెలుగుతోంది. ఆమె కుర్చీని బల్ల దగ్గరికి మరికాస్త లాక్కుంది, లాగిన చప్పుడుకి తనే ఉలిక్కిపడి, ఈ చప్పుడుకి గానీ ఆరిపోదు కదా అని ఊపిరి బిగబట్టి చూసింది, ఆరలేదు, వెలుగుతోంది, గుండుసూది తలకాయంత చుక్క, దాని పక్కన పచ్చటి చిన్న తెర, తెర మీద చీమల బారుల్లా అంకెలు, అక్షరాలు. బూడిదరంగు ప్లాస్టిక్ డబ్బా. ఒకప్పుడు పిల్లలు చేత పట్టుకుని బొటనవేళ్ళు అరిగేలా ఆడుకున్న వీడియోగేమ్ బొమ్మ. ఆ చీమల్లోనే పాట ఉందట. "ముట్టుకోకమ్మా. కదపకు. గోడ వైరు మాత్రం అస్సలు గుచ్చకు, పీకేటప్పుడు ఏం కాదు గానీ గుచ్చేటప్పుడు ఒక్క క్షణం కరెంటు తెగుతుంది, తెగితే అంతే, పాట పోతుంది. ఊరికే చూస్తూ కూర్చో చాలు" అని చెప్పి కూతురు బండి తాళాలు లాక్కుని పరిగెత్తింది, ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి తల్లి చెప్పు తొడుక్కుని మరీ పరిగెత్తింది. ఊరికే చూస్తూ కూర్చోవటం! జన్మలో ఆమెకి చేతకాని పని ఏదైనా ఉందంటే అదొక్కటే. పాలు పొయ్యి మీద పెడితే పొంగిపోతాయేమోనని కాగకముందే దింపేసే మనిషి, తలుపు తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి వేశానో లేదో అని వెనక్కి వచ్చే మనిషి, అలాంటిదాన్ని కూర్చోబెట్టి ఒక దీపానికి కాపలా పెట్టింది, అది కూడా దీపం కాదు, చుక్క.

పాట పోవటమేమిటో మొదట్లో ఆమెకి బుర్రకెక్కలేదు. పాట ఎక్కడికి పోతుంది, నోట్లో ఉంటుంది కదా. కూతురు ఓపిగ్గా చెప్పింది, ఓపిక ఉన్న రోజు. ఆ డబ్బా వెనక దూర్చే బిళ్ళ ఒకటుంది, దాని కడుపులో చొక్కా గుండీ అంత బ్యాటరీ ఉంటుంది, మిషన్ ఆపేసినా పాటలు మరిచిపోకుండా పట్టుకుని ఉండేది అదే. అది ముసలిదైపోయింది. మొన్నామధ్య మిషన్ ఆపి మళ్ళీ వేస్తే లోపలున్నవి చెదలు తిన్న చీరల్లా తేలాయి, చాలా పాటలు అప్పటికే కంప్యూటర్లోకి ఎక్కించేసింది కాబట్టి బతికిపోయింది, ఎక్కించనిది ఒక్కటే, ఆఖరిది, అదృష్టం కొద్దీ అది చెడిపోలేదు. ఇక అప్పట్నుంచి మిషన్ ఆపితే ఒట్టు. గోడ వైరు గుచ్చి రాత్రనక పగలనక వెలిగించే ఉంచింది, ఇంట్లో జ్వరం పిల్ల పడుకున్నట్టు. కరెంటు పోతే, అని ఈమె అడిగింది, అడక్కుండా ఉండలేదు కదా. లోపల కొత్త బ్యాటరీలు వేశాను, కరెంటు పోతే వాటి మీదకి మారుతుంది, అంది కూతురు. అవి కూడా అయిపోతే, అంది ఈమె. "అమ్మా!" అంది కూతురు. ఆ ఇంట్లో "అమ్మా" అని ఆ రాగంలో అంటే ఇక చాలు అని అర్థం.

ఇవాళే ఆ పాటని కంప్యూటర్లోకి ఎక్కించాలి. సాయంత్రం వీధి దీపాలు వెలిగే వేళకి పాటలన్నీ కలిపి విడుదల చేస్తానని ఎవరెవరికో మాటిచ్చింది. గోడ కరెంటు మీద ఎక్కిస్తే పాట వెనక దోమ గుయ్యిమన్నట్టు చప్పుడొస్తుందట, అందుకని వైరు పీకి బ్యాటరీల మీదకి మార్చింది, ఫ్రిజ్ ఆపించింది, ఈమె కుట్టు మిషన్ ఆపించింది, తీరా అంతా సిద్ధం చేసుకుని ఆటబొమ్మకీ కంప్యూటర్‌కీ మధ్య తగిలించే తీగ లాగితే దాని ముక్కు కాస్తా విరిగి లోపలే ఉండిపోయింది. పట్టకారుతో ముక్కుని బయటికి లాగింది గానీ తీగ పనికిరాదు. కొత్త తీగ రైలు గేటు అవతల ఎలక్ట్రికల్ షాపులో తప్ప దొరకదు. "బ్యాటరీలు కొత్తవేగా, రేపటిదాకా ఆగుతాయి, నేను ఇప్పుడే వచ్చేస్తా" అని వెళ్ళింది. ఇప్పుడే అంటే ఎప్పుడు? ఫోను కూడా ఇక్కడే మరిచిపోయింది, అదిగో కిటికీ దగ్గర ఛార్జింగులో, మధ్యమధ్యలో బుర్రుమంటూ.

ఆమె లేచింది. కిటికీ దగ్గరికి వెళ్ళింది. వీధి చివర మలుపు దాకా కనిపిస్తుంది, ఆ తర్వాత ఇనుప సామాను కొట్టు గోడ అడ్డం. బండి చప్పుడు వినిపిస్తే చాలు గుండె ముందుకి తూలుతుంది, తీరా చూస్తే గ్యాస్ బండల రిక్షా, లేకపోతే ఎవరో. రైలు గేటు పడి ఉంటుంది. గేటు పడినప్పుడు పిల్లలు బండి వంచి కింద నుంచి దూరతారు, చూసింది కదా తను, ఎన్నిసార్లు చూసింది, రైలు కనబడుతూనే ఉంటుంది, అయినా దూరతారు, ఇది కూడా దూరుతుందా, దూరదు, చిన్నప్పుడు రోడ్డు దాటాలంటే చెయ్యి నలిగిపోయేలా పట్టుకునేది, కానీ ఇవాళ తొందరలో ఉంది, రెండు కాళ్ళకి రెండు రకాల చెప్పులు, ఒకటి వదులు, ఆ వదులు చెప్పు బ్రేకు మీద జారితే? ఆమె కళ్ళు మూసుకుంది, మూసుకుంటే ఇంకా బాగా కనబడింది, తెరిచింది. బస్సు డ్రైవరు పెళ్ళానికి కళ్ళు మూసుకునే యోగం ఎక్కడిది. పెళ్ళైన కొత్తలో ఆయన డ్యూటీ దిగి రావటం కాస్త ఆలస్యమైతే గడపలో నిలబడి దారిలో ఉన్న లోయలన్నీ లెక్కపెట్టేది, ఆయన రాగానే, ఏమిటి ఇంతసేపు, అని కసిరేది, ఆయన నవ్వి, లోయలో పడటానికి మా రూట్లో లోయలే లేవు కదే, అనేవాడు. లోయలు లేకపోతే లారీలుంటాయి. లారీలు లేకపోతే గేదెలు అడ్డమొస్తాయి. లోకంలో అడ్డమొచ్చేవి తక్కువా ఏమన్నా.

మళ్ళీ వచ్చి కూర్చుంది. చుక్క వెలుగుతోంది. కానీ ఇందాకటంత లేదు. లేదా? ఉందిలే. కళ్ళు మసక, రోజంతా సూది కన్ను వంక చూసే కళ్ళు. మూలన కుట్టు మిషన్ నోరు మూసుకుని కూర్చుంది, దాని పక్కన దిండు గలేబులు, కుట్టినవి ఒక గుట్ట, కుట్టాల్సినవి ఒక గుట్ట. లాడ్జీ వాళ్ళవి, ఎప్పుడూ అవే, తెల్లవి, ఒకే కొలత, ఇన్నేళ్ళుగా ఈ చేతులు ఎంతమంది ముక్కూ మొహం తెలియని వాళ్ళ తలల కింద పడుకున్నాయో. ఇప్పుడు మిషన్ తొక్కుతూ కూర్చుంటే ఈ భయం దారంతో పాటు పోయేది, పాదం కింద పెడల్ ఆడుతుంటే మనసు కాస్త ఊరుకుంటుంది, కానీ తొక్కకూడదట, మోటారు చప్పుడు కూడా పాటలోకి దూరుతుందట. ఇప్పుడు పాట ఎక్కడం లేదుగా, తొక్కొచ్చా? అడగలేదే. అడగనిది చెయ్యకూడదు. ఫ్రిజ్‌లో పాలు ఏమయ్యాయో.

ఈ బొమ్మ తన తమ్ముడు తెచ్చింది. పిల్లకి టైఫాయిడ్ వచ్చినప్పుడు, మంచం మీద కదలకుండా పడుకోబెట్టాలి కదా, అని తెచ్చి చేతిలో పెట్టాడు. కళ్ళు పోతాయిరా, అంది ఈమె. మెడ పట్టేస్తుంది, పిచ్చిపట్టినట్టు అయిపోతుంది, పొద్దస్తమానం ఆ టిక్కు టిక్కులేమిటి. పిల్ల మాత్రం ఆడేది తక్కువ. ఆట మొదలుపెట్టి, అందులో మనిషిని ఓ మూల నిలబెట్టేసి, ఊరికే పాట వింటూ పడుకునేది. ఆడవేమే, అంటే, ఆడితే పాట మారిపోతుంది, అనేది. జ్వరం తగ్గినా ఆ చెవి తగ్గలేదు. చదువైంది, లెక్కల ఆఫీసులో ఉద్యోగమైంది, పోనీ ఇక కుదురుకుంది అనుకున్నంతలో ఆ బొమ్మని మళ్ళీ బయటికి తీసింది, దాంతో పాటలు చెయ్యొచ్చట, అలా చేసే వాళ్ళు దేశదేశాల్లో ఉన్నారట, అందరి దగ్గరా ఇవే పాత బొమ్మలు. నాలుగు గొంతులే ఉంటాయమ్మా దీన్లో, అని చెప్పింది ఒకరోజు మెరుస్తున్న కళ్ళతో, రెండు బీప్ బీప్‌మంటాయి, ఒకటి లావు గొంతు, ఒకటి ఉత్త బుస్సుమనే చప్పుడు, ఆ నాలుగింటితోనే అన్నీ చెప్పాలి. నాలుగు గొంతులెందుకే, మనింట్లో ఉన్నవి మూడు, అవే ఒకదాన్నొకటి విననివ్వవు, అంది ఈమె. ఆ మాటకి కూతురు పడీపడీ నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు నిండుతుంది. తర్వాతే కదా ఆ మొదటి విడుదల.

దాని గురించి అనుకోకూడదు. అనుకుంటుంది. మొదటిసారి పాటలు ఇంటర్నెట్‌లో ఓ పేజీలో పెట్టిన రోజు పిల్ల కొత్త బట్టలు కట్టుకుంది, ఎందుకే, ఎవరూ చూడరుగా, అంటే, నేను చూసుకుంటాగా, అంది. కంప్యూటర్ ముందు కూర్చుంది. ఎవరూ రాలేదు. మర్నాడూ కూర్చుంది. ఎవరో ఒకాయన వచ్చి, పాత బొమ్మల్ని చెత్తలో వేయకుండా ఇలా మా చెవుల్లో ఎందుకు వేస్తారు, అని రాసిపోయాడు. అంతే. ఆ తర్వాత పిల్ల మాట్లాడటం మానేసింది. అంటే మాట్లాడేది, ఉప్పు అందించు, తలుపు వెయ్యి, ఇలాంటివి, కానీ లోపలి నుంచి మాట రావటం ఆగిపోయింది, గోడ వైపు తిరిగి పడుకునేది, దువ్విన జుట్టు దువ్వినట్టే, కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే. ఆమె రాత్రుళ్ళు లేచి వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. పుట్టిన కొత్తలో చూసినట్టే. ఆయన, అలా చెయ్యకే, లేస్తే భయపడుతుంది, అనేవాడు. భయపడనీ, లేవనీ ముందు. ఎన్నాళ్ళకో ఓ మధ్యాహ్నం ఈమె గలేబులు కుట్టుకుంటుంటే గోడ అవతల నుంచి మళ్ళీ మొదలైంది, టీ... టిటిటీ... సన్నగా, చలికి వణికే పిట్టలా. ఈమె మిషన్ ఆపలేదు. ఆపి వింటే అవతల అది ఆగిపోతుందేమోనని తొక్కుతూనే ఉంది, కళ్ళు తుడుచుకోవటానికి కూడా చెయ్యి తియ్యలేదు. ఆ పిట్టే ఈ ఆఖరి పాట. అప్పట్నుంచి ఎన్నిసార్లు మారిందో, తిప్పిందే తిప్పి, కోసిందే కోసి. ఇదెక్కడా ముగియదేమే, అని ఒకరోజు అడిగింది. ఎలా ముగించాలో తెలియట్లేదమ్మా, అంది కూతురు, కానీ ఇలాగే బాగుంది. ఇప్పుడిది పోతే? పాట పోతే పాట, ఇంకోటి చేసుకుంటుంది, పాటలకేం, కానీ పిల్ల మళ్ళీ గోడ వైపు తిరిగితే? ఈసారి తిరిగితే మళ్ళీ ఇటు తిప్పే శక్తి తన దగ్గర లేదు.

చుక్క తగ్గింది. ఈసారి కళ్ళ తప్పు కాదు. ఎరుపు కాస్తా ఇటుక రంగులోకి దిగింది, ఆవలిస్తున్నట్టు ఒకసారి చిన్నదై మళ్ళీ పెద్దదైంది. కొత్త బ్యాటరీలు రేపటిదాకా ఆగుతాయంది కదా. మెడ వెనక చెమట పట్టింది, చెవుల్లో గుండె వినపడుతోంది, ఇదిగో ఇలాంటప్పుడే బీపీ చూసుకోవాలి, అనుకుంటూనే చెయ్యి అలవాటుగా అరలోకి వెళ్ళి బీపీ మిషన్ తీసింది, జబ్బకి పట్టీ చుట్టబోయింది, ఆగిపోయింది. చేతిలో ఉన్న ఆ తెల్లటి డబ్బా వంక చూసింది. బల్ల మీద బూడిదరంగు డబ్బా వంక చూసింది.

తనే. ఇంకెవరూ కాదు. రోజుకి ఎన్నిసార్లు చూసుకుంటుందో ఆమెకే తెలియదు, భయమేస్తే చూసుకుంటుంది, ఎక్కువ చూపిస్తే భయపడి మళ్ళీ చూసుకుంటుంది, తక్కువ చూపిస్తే మిషన్ పాడైందేమోనని ఇంకోసారి. బ్యాటరీలు మింగుతుంది ఆ మిషన్. మొన్న అది నీరసంగా గుర్రుమంటే అరలో కూతురి కొత్త ప్యాకెట్ కనబడింది, అందులోవి తీసి దీన్లో వేసింది, దీన్లోవి పారేయటానికి మనసొప్పక, ఇంకా కాస్త పనికొస్తాయిలే అని అదే ప్యాకెట్లో పెట్టి, చిరిగిన అట్టని చక్కగా మడిచి, పైన పిన్ను కూడా కొట్టింది. పిన్ను కూడా కొట్టింది! అంత పనితనం. బట్ట మీద మరక పడితే లోపలికి మడిచి కుట్టే చెయ్యి కదా. ఆ ముసలి బ్యాటరీల మీదే ఇప్పుడు పాట ఊపిరి తీస్తోంది, కొత్తవి ఇక్కడ తన గుండెని కొలవటానికి కులాసాగా కూర్చున్నాయి. తీసి అందులో వెయ్యాలా? వేస్తే మధ్యలో తెగుతుంది. వైరు గుచ్చితే తెగుతుంది. ఊరుకుంటే ఆరుతుంది. ఏం చేసినా పోయేదే. కాలుగాలిన పిల్లిలా గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరిగింది, కిటికీలోంచి చూసింది, వీధి ఖాళీ, కూతురి ఫోను బుర్రుమంది, ముట్టుకోలేదు, పక్కింటామెని పిలుద్దామా, ఆమెకేం తెలుసు, ఆమె వస్తే ముందు ఫ్రిజ్ ఎందుకు ఆపారు అని అడుగుతుంది.

ఆమెకి చేతనైన పని ఒకటుంది తన ఫోనులో. టైపు చెయ్యటం రాదు, అక్షరాలు చిన్నవి, వేళ్ళు పెద్దవి. అందుకని అక్కకి గొంతే పంపిస్తుంది. ఆ గుండ్రటి బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకుని మాట్లాడటం, వేలు తీస్తే వెళ్ళిపోవటం. అంతే తెలుసు. చీర కొన్నదీ, మోకాలు నొప్పీ, ఆయన తిట్టిందీ అన్నీ అక్కకి అలాగే చేరతాయి. అయితే పాట చేరదా? చేరుతుంది. చేరాలంటే ముందు ఆ డబ్బా పాడాలి. పాడాలంటే ముట్టుకోవాలి. ముట్టుకోకు అంది. కానీ గుమ్మంలోంచి ఎన్నిసార్లు చూసింది, కింద వాలుగా పక్కపక్కన రెండు చిన్న గుండీలు, బియ్యపు గింజల్లా, కుడి చేతి వైపుది నొక్కితే పాట మొదలవుతుంది. కుడిదేనా? కూతురికి కుడివైపా, తనకి కుడివైపా? ఎదురుగా నిలబడి చూసిన రోజులున్నాయి, వెనక నిలబడి చూసినవీ ఉన్నాయి. ఎడమది నొక్కితే అంతా చెరిగిపోతుందేమో. ఆమె కూతురి కుర్చీలోకి మారి కూర్చుంది, కూతురు కూర్చున్నట్టే మోచేతులు బల్ల మీద ఆనించి. ఇలా కూర్చుంటే... ఇటువైపు. ఇదే. ఎడమ చేత్తో ఫోను పట్టుకుంది, అక్క పేరు తీసింది, బొటనవేలు నొక్కిపెట్టింది. దేవుడా, తప్పైతే నా చెయ్యి పడిపోనీ, దానికేం కానివ్వకు. కుడి చేతి చూపుడు వేలితో, బట్ట కింద గుండుసూది ఉందేమో తడిమినట్టు, నొక్కింది.

టీ... టిటిటీ... టూ... వచ్చింది, ఆ చిన్న బొమ్మ గొంతులోంచే, సన్నగా, వణుకుతూ, చలి పిట్ట. గోడ అవతల నుంచి విన్నదానికీ ఇలా ముఖాముఖి వినటానికీ ఎంత తేడా. ఫోనుని ఇంకా దగ్గరికి పెట్టింది. బొటనవేలు తియ్యకూడదు, తియ్యకూడదు, నొప్పి పుట్టినా తియ్యకూడదు. పిట్టకి తోడుగా రెండో గొంతు వచ్చింది, కింద నుంచి లావు గొంతు మెట్లెక్కుతూ వచ్చింది, బుస్సు బుస్సుమంటూ నాలుగోది తాళం పట్టింది. చుక్క మినుకుమంది. "ఆగకే, ఆగకు తల్లీ" అంది ఆమె, అన్నానని తనకే తెలియలేదు. "ఇంకాస్త, ఇంకాస్త దూరమే, నడు, మా అమ్మే, నడు." టైఫాయిడ్ రోజుల్లో మందు తాగించేటప్పుడు ఇలాగే అనేది. అంతలో కిటికీ దగ్గర కూతురి ఫోను మోగింది, ఈసారి బుర్రుమనటం కాదు, గట్టిగా మోగింది, ఎవరు, ఎవరో ఎందుకు చేస్తారు, గేటు దగ్గర, రోడ్డు మీద, ఎవరో ఆ పిల్ల జేబులో నంబరు చూసి, ఫోనిక్కడుంటే నంబరెలా, అయినా ఎవరో, "అయ్యో దేవుడా, ఎవరది, దానికేమైందో, నేను లేవలేను, లేస్తే ఇది పోతుంది, అయ్యో ఎవరైనా ఆ ఫోను తియ్యండి, ఎవరున్నారు తియ్యటానికి, నా తల్లి, నువ్వు బాగుండాలే, ముందు నువ్వు బాగుండు..." కళ్ళలోంచి నీళ్ళు ముక్కు మీదకి జారుతున్నాయి, తుడవటానికి చెయ్యి లేదు, ఒక చెయ్యి ఫోను, ఒక చెయ్యి ఊరికే గాలిలో, బొమ్మకి తగలకుండా. ఫోను మోగి మోగి ఆగింది. పాట ఆగలేదు. చివరి మలుపు తిరిగి, ఎక్కడా ముగియకుండా, ఎప్పటిలాగే గాలిలో వదిలేసి, మళ్ళీ మొదటికి వచ్చింది, టీ... టిటి... అంతే. చుక్క లేదు. తెర లేదు. ప్లాస్టిక్ డబ్బా. ఆమె బొటనవేలు మాత్రం ఇంకా నొక్కిపట్టుకునే ఉంది, ఎంతసేపో, ఆ గదిలో తన ఊపిరి తప్ప ఏమీ లేకపోయినా.

బండి చప్పుడైంది. మెట్ల మీద చెప్పులు, ఒకటి టప్పు, ఒకటి టిక్కు.

"గేటు పడిందమ్మా, గూడ్సు బండి, ఎంతకీ కదలదే, అది మనింటి దాకా ఉంటుందేమో అనుకున్నా..." అంటూ వచ్చిన కూతురు బల్ల వంక చూసి ఆగింది. చేతిలో కొత్త తీగ సంచి ఇంకా ఊగుతోంది. దగ్గరికొచ్చింది. స్విచ్ ఆపి మళ్ళీ వేసింది. ఏమీ లేదు. గోడ వైరు గుచ్చింది. తెర పచ్చగా వెలిగింది, శుభ్రంగా, చీమ ఒక్కటి లేకుండా.

"నేను వైరు గుచ్చలేదే" అంది తల్లి. "కదపలేదు. నీ కొత్త బ్యాటరీలు నా బీపీ మిషన్‌లో ఉన్నాయి. నేనే. ప్యాకెట్లో పెట్టినవి పాతవి."

కూతురు ఆ తెల్ల డబ్బా వంక చూసింది. వేలాడుతున్న పట్టీ వంక చూసింది. తల్లికి తెలుసు ఆ చూపు, ఇక గోడ వైపు తిరుగుతుంది, ఇదిగో తిరుగుతోంది, అనుకుంది.

"ఎంతుంది బీపీ?" అంది కూతురు.

"చూసుకోలేదు."

"చూసుకోకులే. మిషన్ దడుచుకుంటుంది."

అంతలో తల్లి చేతిలో ఫోను టింగుమంది. అక్క. వేలు తగిలి దానంతటదే నొక్కుకుపోయింది, గది నిండా అక్క గొంతు. "ఏమేవ్, ఏమిటే ఇది? ఫోను బకెట్లో పడేశావా? ఎవరో పిట్ట పీక నొక్కుతున్నట్టుంది! మధ్యలో నువ్వెందుకే ఏడుస్తున్నావు? పిల్ల బాగుందా? ముందు ఫోను చెయ్యి, నా ప్రాణాలు పైపైనే పోతున్నాయి ఇక్కడ!"

"పెద్దమ్మకేం పంపావమ్మా?" కూతురు ఫోను లాక్కుంది, పైకి జరిపింది, నొక్కింది. టీ... టిటిటీ... కుర్చీలో కూలబడింది. ఆగకే తల్లీ, నడు, మా అమ్మే, అంటూ తన గొంతు తనకే వినపడుతుంటే తల్లికి ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. కూతురు మాత్రం అప్పటికే బొమ్మని ఒళ్ళోకి లాక్కుంది, వేళ్ళు కదులుతున్నాయి, చీమలు ఒక్కొక్కటే తెర మీదకి వస్తున్నాయి, ఆపుతోంది, వింటోంది, నొక్కుతోంది. మధ్యకి వచ్చేసరికి ఆగిపోయింది. వెనక్కి జరిపింది. మళ్ళీ విన్నది. అయ్యో దేవుడా ఎవరది దానికేమైందో.

"ఇక్కడ నీ మాటల కింద ఏముందో వినపడట్లేదు."

"నీ పాటేగా, నీకు తెలియదా?"

"ఎన్నిసార్లు మార్చానో నీకు తెలుసుగా. అన్ని రకాలూ నా తలలో ఉన్నాయి. ఏది ఉంచానో గుర్తులేదు." ఫోను బల్ల మీద పెట్టేసింది. "పోయిందిలే, వదిలెయ్."

"వదలటమేమిటి. గలేబే కదే అది" అంది ఆమె.

"ఏమిటి?"

"ముందు పొడుగు వైపు పోతుంది." ఆమె పాడింది, పాడటం రాని గొంతుతో, పిట్టదంతా తన ముక్కులోంచి, తెలియకుండానే పాదం నేల మీద ఆడింది. "ఇక్కడ ఆగుతుంది, మూల తిరుగుతుంది. తర్వాత పొట్టి వైపు, టిటిటీ టూ, చిన్నది. మళ్ళీ ఆగుతుంది. మళ్ళీ పొడుగు." ఇంతకాలం తొక్కుతూ వింటున్నాననుకుంది. ఎవరు ఎవరిని విన్నారో ఇప్పుడు ఆమెకి తేలలేదు, తేల్చుకోవాలని కూడా లేదు. కూతురు నోరు తెరుచుకుని ఈమె పాదం వంక చూస్తోంది, ఆ పాదం వంకే చూస్తూ వేళ్ళు కదిపింది. బయట వీధి దీపాలు వెలిగాయి. కిటికీ దగ్గర ఫోను మళ్ళీ మోగింది, కూతురు లేవకుండానే, "ఆగమని చెప్పు, ఇంకో పాట ఉంది" అంది, ఎవరికి చెప్పాలో ఎవరూ అడగలేదు.

"మూడో వైపు అయ్యాక?"

"అయ్యాక ఏముంది. దారం తెంపెయ్యటమే."

"మరి నాలుగో వైపు?"

"నాలుగో వైపు కూడా కుట్టేస్తే దిండు ఎటు నుంచి దూరుస్తావే పిచ్చిమొహమా?"

కూతురి వేళ్ళు ఆగాయి. తర్వాత నవ్వింది, లోపలి నుంచి.

"ఫ్రిజ్ వెయ్యనా? పాలు విరిగిపోతాయేమోనే" అంది ఆమె.

"విరగనీ. పొడుగు వైపు నుంచి మళ్ళీ చెప్పు."

ఆమె గొంతు సవరించుకుంది. పాదం నేల మీద ఆనించి, అక్కడ లేని పెడల్‌ని మెల్లగా నొక్కింది.